కంప్యూటర్ అక్కర్లేని ఇంటర్నెట్ ఫోన్ డబ్బా: ప్రాజెక్టు డైరీ

ఏం కట్టాలనుకున్నాను

మామూలు టెలిఫోనుకీ ఇంట్లో వైఫైకీ మధ్య కూర్చునే చిన్న డబ్బా. పక్కన కంప్యూటర్ నడుస్తూ ఉండక్కర్లేదు, సెల్‌లో యాప్ తెరవక్కర్లేదు. రిసీవర్ ఎత్తగానే డయల్ టోన్ రావాలి, నంబర్ తిప్పితే అవతల మోగాలి, అవతలి నుంచి కాల్ వస్తే ఇక్కడ గంట కొట్టాలి. అంతే.

ఇలాంటివి బజార్లో లేవని కాదు. వీటిని అనలాగ్ టెలిఫోన్ అడాప్టర్లు, పొట్టిగా ఏటీఏ అంటారు. సిస్కో ఏటీఏ 186 రోజుల నుంచి ఇప్పటి గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801 దాకా బోలెడు వచ్చాయి. ఒకటి కొనేస్తే సాయంత్రానికల్లా పనైపోతుంది. నాకు కావలసింది పనైపోవడం కాదు, లోపల ఏం జరుగుతుందో చూడడం. పైగా తెనాలిలో అమ్మమ్మ దగ్గరున్నది వేలు పెట్టి తిప్పే నల్ల ఐటీఐ కంపెనీ ఫోను. కనెక్షన్ ఎప్పుడో తీసేయించారు, ఫోను మాత్రం టీవీ పక్కన అలాగే ఉంది. స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి చూశాం. కాల్ వస్తే ఎత్తబోయి కట్ చేస్తుంది, ఆనక "ఒక్కళ్లూ ఫోన్ చేయరేంట్రా" అని మమ్మల్నే తిడుతుంది. తిప్పే డయల్ సంగతి తెలిసిన అడాప్టర్లు కొన్ని ఉన్నాయి గానీ, చాలావాటికి తెలీదు.

మొదలుపెట్టే ముందే ఒకటి అర్థమైంది. నెట్ వైపు పని ఎలా చేయాలో అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టిన పత్రాలున్నాయి. తిప్పలన్నీ ఫోను వైపే. ఎందుకంటే మామూలు టెలిఫోనుకు సొంతంగా ఏమీ తెలీదు. డయల్ టోన్ దానిది కాదు, గంటకు కావలసిన కరెంటు దానిది కాదు, ఎవరు ఎత్తారో ఎవరు పెట్టేశారో కనిపెట్టేదీ అది కాదు. ఇవన్నీ ఎక్స్‌ఛేంజీ చేసేది. అంటే నేను కట్టాల్సింది అడాప్టర్ కాదు, ఒకే ఒక్క ఫోనుకు సరిపడే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ.

సామాన్లు

రిసీవర్ పెట్టేసి ఉన్నప్పుడు ఎక్స్‌ఛేంజీ ఆ రెండు తీగల మీద సుమారు 48 వోల్టుల డీసీ పెట్టి ఉంచుతుంది. ఎత్తగానే ఫోను లోపల దారి మూసుకుని ఇరవై, ముప్పై మిల్లీయాంపుల కరెంటు పారుతుంది. ఎత్తారని ఎక్స్‌ఛేంజీకి తెలిసేది అలాగే. గంట కొట్టాలంటే అదే తీగల మీదికి 75 వోల్టుల దాకా ఏసీ పంపాలి. మన దేశంలో దాని వేగం సెకనుకు 25 సైకిళ్లు. మాట్లాడేటప్పుడు రెండు వైపుల గొంతులూ అవే రెండు తీగల మీద నడుస్తాయి. ఇంత గొడవనూ ఒక్క చోట చూసుకునే సర్క్యూట్‌ను స్లిక్ అంటారు, సబ్‌స్క్రైబర్ లైన్ ఇంటర్‌ఫేస్ సర్క్యూట్. సిల్వర్‌టెల్ ఏజీ1171 అనే మాడ్యూల్ 5 వోల్టులతోనే నడుస్తూ లైనుకూ గంటకూ కావలసిన వోల్టేజీలను తనలోనే పుట్టించుకుంటుంది. అదే తీసుకున్నాను.

మెదడు ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్, అంటే ఒకే చిప్పులో ఇమిడిన బుల్లి కంప్యూటర్. రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్, వైఫై లోపలే ఉంటుంది. గొంతును అంకెలుగా మార్చడానికి దాని లోపలి కన్వర్టర్లు వాడొచ్చు గానీ, బయటికి పంపేది 8 బిట్లే కాబట్టి వెనక బుస్సుమనే శబ్దం వదలదు. అందుకని గొంతును అంకెలుగా, అంకెలను గొంతుగా మార్చే ఈఎస్8388 అనే ఆడియో కోడెక్ బోర్డు కలిపాను.

సాకెట్లు, కెపాసిటర్లు, సామాన్లు అతికించుకునే చిల్లుల జీరో బోర్డు కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. టెలిఫోన్ సాకెట్ అడిగితే కొట్టతను అట్టడుగు డబ్బా లాగి దుమ్ము దులుపుతూ, "అన్నా, ల్యాండ్‌లైన్ సామాన్ ఇప్పుడెవరు అడుగుతున్నరన్నా, ఉన్నయన్నీ తీస్కపో" అన్నాడు. నిజంగానే ఒక కవరు నిండా ఇచ్చాడు. స్లిక్ మాత్రం గల్లీ అంతా తిరిగినా దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి వచ్చింది.

ఎత్తితే తెలిసింది

మాడ్యూల్‌కు మైక్రోకంట్రోలర్ వైపు ముఖ్యంగా మూడు కాళ్లు. ఎస్‌హెచ్‌కే అనేది రిసీవర్ ఎత్తితే పైకి లేస్తుంది. ఆర్‌ఎం పైకి లేపితే గంట కొట్టే స్థితిలోకి వెళ్తుంది. ఎఫ్‌ఆర్ అనేది రెండు తీగల ప్లస్సు, మైనస్సులను తారుమారు చేస్తుంది. టేబుల్ మీద పరీక్షకు బీటెల్ బటన్ ఫోను ఒకటి పెట్టుకున్నాను. మల్టీమీటర్ పెడితే తీగల మధ్య నలభై పైచిలుకు వోల్టులు. రిసీవర్ ఎత్తగానే పదిలోపుకు పడిపోయింది, ఎస్‌హెచ్‌కేకు తగిలించిన ఎల్‌ఈడీ వెలిగింది. పెట్టేస్తే ఆరింది. ఇంకా కోడ్ ఒక్క లైను కూడా రాయలేదు. అయినా ఆ దీపాన్ని అలా వెలిగిస్తూ ఆర్పుతూ చాలాసేపే కూర్చున్నాను.

గంట

ఆర్‌ఎం పైకి లేపి ఎఫ్‌ఆర్‌ను 20 మిల్లీసెకన్లు అటు, 20 మిల్లీసెకన్లు ఇటు తిప్పుతూ పోతే సెకనుకు 25 సైకిళ్లు. మన ల్యాండ్‌లైన్ గంట లయ గుర్తుందిగా, ట్రింగ్ ట్రింగ్ అని రెండు, ఆపైన కాస్త ఆగడం. లెక్కలో చెబితే 0.4 సెకను మోత, 0.2 విరామం, మళ్లీ 0.4 మోత, 2 సెకన్ల మౌనం. అమెరికాలో అయితే 2 సెకన్లు ఏకధాటిగా మోగి 4 సెకన్లు ఆగుతుంది. అమ్మమ్మకు ఆ లయ వినిపిస్తే పక్కింటి సినిమాలో ఫోన్ అనుకుంటుంది.

కోడ్ ఎక్కించి నడిపితే బీటెల్ ఒక్కసారి కుయ్యిమంది, వెంటనే బోర్డు చచ్చి మళ్లీ లేచింది. సీరియల్ తెరమీద ఒకే మాట, బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ ట్రిగ్గర్ అయిందని. జరుగుతున్నదేమిటంటే, 5 వోల్టుల నుంచి గంటకు కావలసిన ఎత్తు వోల్టేజీ తయారు చేసేటప్పుడు స్లిక్ ఒక్క గుక్కలో చాలా కరెంటు లాగుతుంది. సరిగ్గా అప్పుడే వైఫై కూడా ఏదో పంపుతుంటే ఈఎస్‌పీ32కు వోల్టేజీ చాలదు. ఇద్దరినీ విడదీశాను. స్లిక్‌కు అడాప్టర్ నుంచి నేరుగా వేరే తీగ, దాని కాళ్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఈఎస్‌పీ32కు వేరే రెగ్యులేటర్. ఆ తర్వాత మళ్లీ ఆ మాట తెరమీద కనపడలేదు.

ఇంకో తిరకాసు. మోగుతుండగా ఎత్తితే గంట వెంటనే ఆగాలి, లేకపోతే చెవిలో గుయ్యిమంటుంది. కానీ గంట కొట్టేటప్పుడు ఎస్‌హెచ్‌కే కాలు ఊరికే అప్పుడప్పుడూ మిణుక్కుమంటుంది, ఎవరూ ఎత్తకపోయినా. గంట ఒక్క సైకిలు 40 మిల్లీసెకన్లు కాబట్టి, అంతకంటే ఎక్కువసేపు పైనే ఉంటేనే ఎత్తినట్టు లెక్క అని పెట్టాను. దొంగ సంకేతాలన్నీ ఒక సైకిల్లోపే చచ్చిపోతున్నాయి.

తెనాలి నుంచి మామయ్య ఐటీఐ ఫోను బస్సులో పంపించాడు. బీటెల్‌లో ఉన్నది చిన్న బజర్, ఇందులో ఉన్నవి నిజమైన గంటలు. రెండు ఇత్తడి గిన్నెలు, మధ్యలో చిన్న సుత్తి. నా మాడ్యూల్ ఇచ్చే వోల్టేజీ పాత ఎక్స్‌ఛేంజీ ఇచ్చేదానికంటే తక్కువ. సుత్తి ఊగుతోంది గానీ ఒక గిన్నెను సరిగా తాకట్లేదు. ఆ గిన్నెలను మరను కాస్త వదులు చేసి తిప్పొచ్చు. రంధ్రం సరిగ్గా మధ్యలో ఉండదు కాబట్టి, తిప్పేకొద్దీ అంచు సుత్తికి దగ్గరవుతుంది. అర మిల్లీమీటరు జరిపానో లేదో, వంటింట్లోంచి మా ఆవిడ "ఎవరిదండీ ఫోను?" అని బయటికి వచ్చింది.

డయల్ టోన్

ఇది నాకు చాలా నచ్చిన భాగం. మన డయల్ టోన్ ఊరికే ఒక స్వరం కాదు. 400 హెర్ట్జ్ స్వరాన్ని 25 హెర్ట్జ్‌తో పైకీ కిందికీ ఊపితే వచ్చే గుర్‌ర్‌మనే శబ్దం. ఎంగేజ్ టోన్ అయితే ఉత్త 400 హెర్ట్జ్, 0.75 సెకను మోత, అంతే విరామం. అవతల మోగుతున్నప్పుడు వినిపించేది డయల్ టోన్ శబ్దమే, గంట లయలో.

ఫోన్ గొంతుకు సెకనుకు 8000 శాంపిల్స్, అంటే శబ్దాన్ని సెకనుకు అన్నిసార్లు కొలిచి అంకె వేయడం. 400 హెర్ట్జ్ ఒక చుట్టు 20 శాంపిల్స్, 25 హెర్ట్జ్ ఒక చుట్టు 320. అంటే 320 అంకెల పట్టిక ఒక్కటి చాలు, అతుకు లేకుండా ఎంతసేపైనా తిరుగుతుంది. 640 బైట్లలో డయల్ టోన్. కోడెక్ నడవడానికి శాంపిల్ వేగానికి 256 రెట్ల గడియారం ఇవ్వాలి, అంటే 2.048 మెగాహెర్ట్జ్. మన ఎక్స్‌ఛేంజీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఈ1 లైను వేగం కూడా సెకనుకు 2.048 మెగాబిట్లే, 8000 ఫ్రేములు ఇంటూ 256 బిట్లు. లెక్క కుదిరింది గనక కలిసింది, పనికొచ్చేదేమీ లేదు, అయినా కాగితం మీద అదే అంకె చూసి భలే ముచ్చటేసింది.

రిసీవర్ చెవికి పెట్టుకుంటే ఎస్టీడీ బూత్ రోజులు గుర్తొచ్చాయి. అమ్మకు వినిపిస్తే, "లైను వచ్చిందా? ఎప్పుడు అప్లై చేశావ్?" అంది.

నంబరు తిప్పడం

తిప్పే డయల్ చేసే పని చాలా చిన్నది. 5 దగ్గర వేలు పెట్టి వదిలితే, చక్రం వెనక్కి వస్తూ లైనును అయిదుసార్లు తెంపి కలుపుతుంది. సున్నాకు పదిసార్లు. సెకనుకు పది తెంపులు, ఒక్కో తెంపు అరవై మిల్లీసెకన్ల పైచిలుకు. అంటే ఎస్‌హెచ్‌కే కాలునే చూస్తూ లెక్కపెట్టుకోవాలి, ఎత్తారా పెట్టేశారా అని తెలిసేదీ అక్కడే, నంబరు తెలిసేదీ అక్కడే. రెంటికీ తేడా కాలమే. కాసేపు తెగితే అంకె, ఎక్కువసేపు తెగితే పెట్టేసినట్టు.

పుస్తకంలో ఉన్న హద్దులు పెడితే అమ్మమ్మ ఫోను 8ని ఒకసారి 6 అంది, ఒకసారి అసలు పెట్టేసినట్టే లెక్కేసింది. తెంపుల వ్యవధులు తెరమీద అచ్చేసి చూస్తే సంగతి బయటపడింది. ఏళ్ల తరబడి కదలక లోపలి గ్రీజు గట్టిపడి, చక్రం సెకనుకు ఏడెనిమిది తెంపులకు మించి పోవట్లేదు, పైగా చివర్లో మరీ నెమ్మది. డయల్ విప్పి వేగాన్ని అదుపు చేసే గవర్నర్ దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేశాను. కోడ్‌లో కూడా తెంపు 120 మిల్లీసెకన్ల దాకా ఉంటే అంకెగానే ఒప్పుకున్నాను. 800 దాటితే పెట్టేసినట్టు. ఆ మధ్యలో ఉన్నదాన్ని పట్టించుకోను. తెంపులు ఆగి మూడు వందల మిల్లీసెకన్లు గడిస్తే ఆ అంకె పూర్తయినట్టు.

దీనివల్ల ఒక పాత విద్య కూడా తిరిగొచ్చింది. అప్పట్లో బిల్లు భయంతో డయల్‌కు చిన్న తాళం వేసేవాళ్లు. రిసీవర్ పెట్టే చోట ఉండే మీటను లయగా తట్టి నంబరు కొట్టేసే ఘనులు ప్రతి ఆఫీసులో ఉండేవాళ్లు. నా డబ్బా దగ్గరా అది పనిచేస్తోంది. మీటను నాలుగుసార్లు టకటకా తడితే 4 పడుతుంది.

అందుకే అమ్మమ్మకు పొట్టి నంబర్లు ఇచ్చేటప్పుడు 1ని ఎవరికీ ఇవ్వలేదు. ఎత్తేటప్పుడు చేయి తగిలి మీట ఒక్కసారి కదిలినా 1 తిప్పినట్టే లెక్క. ఒకటితో మొదలయ్యే మామూలు ఫోన్ నంబర్లు అరుదుగా ఉండడానికి ఇదీ ఒక కారణమే. 2 అమ్మ, 3 మామయ్య, 4 డాలస్‌లో అక్క, 5 నేను.

బటన్ ఫోన్ల కోసం రెండు స్వరాల పద్ధతి, డీటీఎంఎఫ్, కూడా పెట్టాను. ఎనిమిది స్వరాల్లో ఏ రెండు ఉన్నాయో గోర్ట్‌జెల్ లెక్కతో 205 శాంపిల్స్‌కోసారి చూస్తే చాలు. మాట్లాడేటప్పుడు కొందరి గొంతు కూడా బటన్‌లా వినిపిస్తుంది కాబట్టి, ఒకే అంకె వరుసగా రెండుసార్లు తేలితేనే ఒప్పుకుంటాను. అంతకుమించి ఇందులో కష్టపడింది లేదు.

నెట్ వైపు

సిప్ అనేది కాల్ కలపడానికి వాడే భాష. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3261 దానికి ఆధారం. అంతా చదవగలిగే అక్షరాలే, నెట్ మీద పోయే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్‌లో చూస్తే ఇద్దరు గుమస్తాలు ఉత్తరాలు రాసుకుంటున్నట్టుంటుంది. డబ్బా లేవగానే నేనిక్కడున్నానని రిజిస్టర్ పంపుతుంది. సర్వర్ 401 అని తోసేసి, చేతిలో ఒక కొత్త అంకె పెడుతుంది. ఆ అంకెను, పాస్‌వర్డ్‌ను కలిపి ఎండీ5 అనే లెక్కతో ఒక ముద్ర తీసి మళ్లీ పంపితే 200 ఓకే. పాస్‌వర్డ్ తీగ మీదికి ఎప్పుడూ రాదు. కాల్ చేయాలంటే ఇన్వైట్, అవతల మోగితే 180, ఎత్తితే 200, మనవైపు నుంచి అందిందని ఆక్, చివర్లో బై.

సర్వర్‌గా ముంబైలో అద్దెకున్న చిన్న క్లౌడ్ మెషిన్ మీద కాల్స్ కలిపే ఆస్టరిస్క్ పెట్టాను. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది, ఇప్పటికీ రాయిలా నిలబడి ఉంది. అక్కా, అమ్మా సెల్‌లలో లిన్‌ఫోన్ యాప్. గొంతు ఆర్‌టీపీ ప్యాకెట్లలో పోతుంది. జీ.711 ఏ-లా పద్ధతిలో శాంపిల్‌కు ఒక బైటు, 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్టు, అంటే 160 బైట్ల గొంతు, పైన 40 బైట్ల చిరునామాలు. సెకనుకు 50 ప్యాకెట్లు, 80 కిలోబిట్లు. ఇప్పటి నెట్‌కు అదో లెక్కా.

లెక్క కాదు గానీ, మొదటి కాల్‌లో అవతలి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. ప్యాకెట్లు వచ్చే సమయాలు గీసి చూస్తే, బస్టాపులో అరగంట దాకా ఒక్క బస్సూ రాకుండా ఒకేసారి అయిదు వచ్చినట్టు, 100 మిల్లీసెకన్లు ఏమీ లేదు, ఆపైన అయిదు ఒకేసారి. ఆ వంద ఎక్కడిదో చూస్తే దొరికిపోయింది. రౌటర్ తన ఉనికి చాటే బీకన్ 102.4 మిల్లీసెకన్లకోసారి పంపుతుంది. ఈఎస్‌పీ32 కరెంటు ఆదా కోసం ఆ మధ్యలో రేడియో ఆపేసి నిద్రపోతుంది. అది లేచేదాకా రౌటర్ ప్యాకెట్లన్నీ పట్టుకుని కూర్చుంటుంది. వైఫై పవర్ సేవ్ ఆపేయమని ఒక్క లైను రాస్తే సరిపోయింది. ప్యాకెట్లను 60 మిల్లీసెకన్లు ఆపి వరుసలో వదిలే బఫర్ కూడా పెట్టాను, మిగిలిన ఒడిదుడుకులు అందులో కలిసిపోయాయి.

ఒకే వైపు వినపడే జబ్బు

మా ఇంట్లో బాగానే ఉంది. పక్క కాలనీలో ఫ్రెండ్ ఇంటికి పట్టుకెళ్తే అవతలివాళ్లకు మేం వినిపిస్తున్నాం, మాకు వాళ్లు వినపడరు. ఇంటర్నెట్ ఫోన్లు కట్టినవాళ్లందరికీ ఈ జబ్బు తెలుసు. సిప్ ఉత్తరంలో లోపల ఇంటి చిరునామా ఉంటుంది, రౌటర్ బయట వేరే చిరునామా పెడుతుంది. కొన్ని రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అని ఒక అతితెలివి ఉంటుంది, సాయం చేస్తానని ఉత్తరం లోపలి అక్షరాలను కూడా దిద్దేస్తుంది, సగం దిద్ది సగం వదిలేస్తుంది. ఆ ఫ్రెండ్ నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్‌లో దాన్ని ఆపే మీటే లేదు.

దారి రెండు వైపుల నుంచీ వేశాను. సిప్‌ను 5060 కాకుండా వేరే పోర్టు మీద నడిపితే, ఏఎల్‌జీ చాలాసార్లు దాన్ని గుర్తే పట్టదు. సర్వర్‌కేమో, ఉత్తరంలో రాసిన చిరునామాను నమ్మకు, ప్యాకెట్టు నిజంగా ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే గొంతు పంపు అని చెప్పాను. కాల్ లేనప్పుడు రౌటర్ ఆ దారిని మర్చిపోకుండా ఇరవై సెకన్లకోసారి ఖాళీ ప్యాకెట్టు ఒకటి. ఇది లేకపోతే బయటికి కాల్స్ పోతాయి, లోపలికి రావు.

సర్వర్ లాగ్ చూస్తే ఇంకో ముచ్చట. ఫ్రెండ్లీ-స్కానర్ అనే పేరుతో ఎవరో రాత్రింబగళ్లు తలుపు తడుతూనే ఉన్నారు, పాస్‌వర్డ్ తేలికైనదైతే మన ఖర్చుతో విదేశాలకు కాల్స్ చేసుకుందామని. పేరులోనే స్నేహం. డబ్బా మాత్రం నా సర్వర్ చిరునామా నుంచి వచ్చిన ఇన్వైట్‌కే గంట కొడుతుంది, లేకపోతే ఆ తలుపు తట్టేవాళ్లు అర్ధరాత్రి అమ్మమ్మను నిద్రలేపుతారు.

అక్కకు వినిపించే ప్రతిధ్వని

డాలస్ కాల్‌లో అక్క, "ఒరేయ్, నేను మాట్లాడిందే నాకు మళ్లీ వినపడుతోందిరా, పిచ్చెక్కుతోంది" అంది. నాకు మాత్రం శుభ్రంగా ఉంది. ఈ జబ్బులో తమాషా ఇదే, తప్పు ఎవరి డబ్బాలో ఉంటే వాళ్లకు వినపడదు. అక్క గొంతు నా ఫోను దాకా వచ్చి, రెండు తీగలు నాలుగుగా విడిపోయే హైబ్రిడ్ దగ్గర కొంత కారి, నా గొంతుతో కలిసి తిరిగి వెళ్తోంది. హైబ్రిడ్ 600 ఓముల లెక్కతో కట్టి ఉంటుంది, నిజం ఫోను, దాని పొడుగాటి తీగ ఎప్పుడూ అంత కచ్చితంగా ఉండవు. మామూలు ల్యాండ్‌లైన్‌లోనూ ఈ కారడం ఉంది, కానీ ఊళ్లో కాల్ అయితే వెంటనే తిరిగి వస్తుంది కాబట్టి చెవి పట్టించుకోదు. ఇక్కడ బఫర్లూ సముద్రాలూ దాటి పావు సెకను పైన తర్వాత వస్తోంది.

డబ్బాకే ఆ కారుడు ఎంతో నేర్పించాలి. వచ్చిన గొంతును 128 అంకెల ఫిల్టర్‌లోంచి పోనిచ్చి, తిరిగి వెళ్లబోయేదాంట్లోంచి తీసేయడం. మిగిలిన తప్పును బట్టి ఆ అంకెలను శాంపిల్ శాంపిల్‌కూ కొంచెం కొంచెం సవరించుకుంటూ పోవడం. 128 శాంపిల్స్ అంటే 16 మిల్లీసెకన్లు, లోపలి హైబ్రిడ్‌కు అది ధారాళం. సెకనుకు ఇరవై లక్షల పైచిలుకు గుణకారాలు, ఈఎస్‌పీ32 ఒక కోరు మీద చెమట పట్టకుండా చేస్తోంది. ఒకే జాగ్రత్త: ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఫిల్టర్ నా గొంతునే ప్రతిధ్వని అనుకుని తప్పు నేర్చుకుంటుంది. తెలుగువాళ్ల కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడనిది ఎప్పుడు? నా వైపు గొంతు, వచ్చిన గొంతులో సగం దాటితే నేర్చుకోవడం ఆపేయమని పెట్టాను. ఇప్పుడు కాల్ మొదట్లో ఒకట్రెండు సెకన్లు మాత్రం కొంచెం వినిపిస్తుందని అక్క చెప్పింది.

పొడుగు కాల్స్‌లో ఇంకొకటి బయటపడింది. నా బోర్డు గడియారాన్ని నడిపే క్రిస్టల్‌కూ అవతలి గడియారానికీ పదిలక్షల్లో 50 పాళ్ల తేడా ఉన్నా, సెకనుకు 0.4 శాంపిల్, గంటకు 1440 శాంపిల్స్, అంటే 180 మిల్లీసెకన్లు. అమ్మా అక్కా గంట తక్కువ మాట్లాడరు. బఫర్ మెల్లగా నిండిపోయి మాట ఆలస్యమవుతూ పోతుంది, లేదా ఖాళీ అయి టక్కుమంటుంది. ఇద్దరూ ఆగిన క్షణం చూసి ఒక ముక్క తీసేయడమో, మళ్లీ వాడడమో చేస్తున్నాను, చెవికి తెలియట్లేదు.

తెనాలిలో

పెట్టడానికి వెళ్లినప్పుడు మొదట చేసింది గోడలోంచి వచ్చే పాత లైను తీగను పూర్తిగా విప్పేయడం. చచ్చిన లైను అనుకుని వదిలేస్తే, బయటి నుంచి ఎక్స్‌ఛేంజీ వోల్టేజీయో పిడుగు తాలూకు పొంగో వస్తే స్లిక్ పోతుంది. డబ్బా నుంచి ఫోనుకు నేరుగా తీగ, మధ్యలో సర్జ్ ఆపే డయోడు, చిన్న ఫ్యూజు.

పాత ల్యాండ్‌లైన్ చేసేది, ఇది చేయనిది ఒకటుంది. కరెంటు పోయినా అది పనిచేసేది, ఎందుకంటే ఎక్స్‌ఛేంజీలో బ్యాటరీలుండేవి. ఇక్కడ ఎక్స్‌ఛేంజీ నేనే కట్టాను కాబట్టి బ్యాటరీ కూడా నాదే. రౌటర్‌కూ డబ్బాకూ కలిపి ఒక మినీ యూపీఎస్ పెట్టాను. ఇంకా, దీన్నుంచి 112కు కాల్ పోదు. మామూలు నంబర్లకు కలిపే గేట్‌వే సొంతంగా పెట్టుకోవడం మన దేశంలో లైసెన్సు లేకుండా కుదరదు, నాకు అక్కర్లేదు కూడా. నెట్‌లో మొదలై నెట్‌లోనే ముగిసే కాల్స్ చాలు. ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసి ఫోను పక్కన అంటించాను, అత్యవసరమైతే సెల్ అని.

అమ్మమ్మ రిసీవర్ ఎత్తి, టోన్ విని, తలూపి, 4 తిప్పింది. అక్క ఎత్తగానే "నేనేనే. ఏం వండావే?" అని మొదలుపెట్టింది. డబ్బా గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. మామయ్య మాత్రం, "నెలకెంత కట్టాలిరా దీనికి?" అన్నాడు.

ఇంకా మిగిలినవి

డబ్బా ఇప్పటికి జీరో బోర్డు మీదే ఉంది, మూతకు బదులు ఐస్‌క్రీం డబ్బా. సొంత సర్క్యూట్ బోర్డు (పీసీబీ) గీస్తున్నాను, అందులో స్లిక్‌నూ వైఫై యాంటెన్నానూ రెండు మూలలకు జరిపాను, ఎందుకంటే ఇప్పటి బోర్డు మీద పక్కపక్కనే ఉండడంతో వైఫై పంపినప్పుడల్లా లైను మీద సన్నగా జుయ్యిమంటోంది. పొడుగు కాల్స్‌లో మాడ్యూల్ బాగా వేడెక్కుతోంది, మూతకు గాలి రంధ్రాలు కావాలి.

కాలర్ ఐడీ, అంటే చేసినవాళ్ల నంబరు ఫోను తెరమీద చూపించడం, ఇంకా కుదరలేదు. మన ల్యాండ్‌లైన్లలో చాలాచోట్ల గంటకు ముందే తీగల ప్లస్సు, మైనస్సు ఒకసారి తిప్పి, నంబరును డీటీఎంఎఫ్ స్వరాల్లో పంపేవారు. తిప్పడానికి ఎఫ్‌ఆర్ కాలు ఎలాగూ ఉంది, స్వరాలు పుట్టించడం వచ్చు. బీటెల్ తెరమీద అంకెలు పడుతున్నాయి గానీ మొదటి అంకె ఎగిరిపోతోంది. తిప్పిన తర్వాత ఎంతసేపు ఆగి పంపాలో వెతుకుతున్నాను. 150 మిల్లీసెకన్లు చాలట్లేదు, రేపు 250తో చూడాలి.